గోలీ సోడాలోని గుట్టు



వేసవిలో తిరునాళ్లకు గాని సంతకు గాని పోయినవారిలో గోలీ సోడా రుచి ఎఱుగనివారు అరుదు. తడిగోనె కప్పిన బండిమీద మందపు సీసాలు వరుసగా నిలిచియుండును. సోడాలవాడు మూతిలోని గోలీని ఒక్క నొక్కు నొక్కగానే కీచుమని చప్పుడగును, నురుగు పైకుబుకును, గోలీ మెడలో పడి గలగలలాడును. పెండ్లివిందులో బూరెలు, నేయి నిండుగా భుజించిన పెద్దలు "ఒక సోడా తెప్పింపుడు" అనుట మనకు క్రొత్త గాదు. ఆ సీసా మన ఊరి కుండ వలెనే మనదని తోచును. కాని అది మన యూర పుట్టినది కాదు. ఇంగ్లండు దేశమున ఒక మనుష్యుడు ఆలోచించి, ప్రభుత్వమువద్ద పత్రము పొంది, కొన్ని యేండ్లపాటు దాని ఫలమును తానే అనుభవించి, పిమ్మట లోకమునకు వదలిన వస్తువది. అట్టి పత్రమునకే పేటెంటు అని పేరు.

నేడు ఈ చిన్న సీసాను ఎదుట నుంచుకొని రెండు సంగతులు మనవి చేయదలచితిని. నీరు, వాయువు, గాజు, గోలీ అను నాలుగును కలిసి పనిచేయు విధము మొదటిది. ఒకని తెలివి ఎవరి సొత్తు అను ప్రశ్న రెండవది. ఈ రెండవ సంగతి మీ యింటి పసుపుకొమ్మును, మీ వాకిటి వేపచెట్టును తాకినది గనుక దయచేసి తుదివరకు వినుడు.

ముందు సోడాలోని వాయువును గూర్చి చెప్పెదను. ఇంగ్లండులో లీడ్స్ అను పట్టణమున జోసెఫ్ ప్రీస్ట్‌లీ అను మతాచార్యుడు కాపురముండెను. ఆయన యింటి ప్రక్కనే బీరు తయారుచేయు కార్ఖానా యుండెను. పులియుచున్న ద్రవముపై ఒక విధమైన బరువు గాలి నిలిచియుండుట 1767 ప్రాంతమున ఆయన గమనించెను. అందు దించిన దీపము ఆరిపోవుచుండెను. ఆ గాలిలో నీటిని ఒక పాత్రనుండి మఱియొక పాత్రలోనికి పలుమాఱు పోయగా నీటికి చిఱుపులుపు గల వింతరుచి వచ్చెను. దానినే మనము బొగ్గుపులుసు గాలి అనుచున్నాము. పిమ్మట ఆయన సుద్దపై గంధకామ్లము పోసి ఆ వాయువును పుట్టించి, నీటిలో కలుపు విధమును 1772లో చిన్న పుస్తకముగా ప్రకటించెను. మఱుసటి యేట లండనులోని రాయల్ సొసైటీవారు ఆయనకు కాప్లీ పతకమిచ్చి గౌరవించిరి. ఆయన పేటెంటు కోరలేదు. ఆ నీటివలన లాభమును పొందినవారు వేఱొకరు. జెనీవా నగరమున గడియారముల పని చేయు జేకబ్ ష్వెప్ అను జర్మనుడు 1783లో ఆ వ్యాపారము నెలకొల్పి, 1792లో లండనునకు తెచ్చెను. ఆయన పేరి పానీయములు నేటికిని అంగళ్లలో దొరకుచున్నవి.

ఈ గాలి మామూలు గాలికంటె సుమారు ఒకటిన్నర రెట్లు బరువు. అందుచేత పల్లములందు నిలిచిపోవును. పాడుపడిన బావులలో, ధాన్యపు పాతరలలో దిగినవారు కేక యైనను వేయకుండ కూలిపోవుటకు ఇట్టి గాలి ఒక కారణము. ఒకడు పడినచో వానిని తీయుటకు వెనువెంటనే మఱియొకడు దిగి తానును పడుట అనేక గ్రామములు ఎఱిగిన దుఃఖమే. దీపము దించి చూచుట పాత పద్ధతి. దీపము ఆరినచో దిగరాదనుట నిశ్చయము. కాని దీపము వెలుగుచున్నదని ధైర్యము చేసికొనరాదు. దీపమును ఆర్పని విషవాయువులును కలవు. చమురు ఇంజను పెట్టిన బావిలో నిప్పు దించుటయే ప్రమాదము. ఇంతమాత్రము చెప్పి మరల సోడాకు వచ్చెదను.

వాయువు నీటిలో ఎంత కరగునో తెలిపినవాడు విలియమ్ హెన్రీ. ఈయన మాంచెస్టరు నగరవాసి. ఒత్తిడి రెట్టింపైనచో కరగు వాయువును రెట్టింపగునని 1803లో ప్రకటించెను. మామూలు ఒత్తిడిలో చల్లని నీరు ఇంచుమించు తన పరిమాణమంత బొగ్గుపులుసు గాలిని పట్టుకొనును. మూడు నాలుగు రెట్లు ఒత్తిడి చేసినచో మూడు నాలుగు సీసాల గాలి ఒక సీసా నీటిలో ఇముడును. నీరు చల్లనైనకొలది ఎక్కువ ఇముడును. సోడాలవాడు చల్లని నీటినే కోరుటకు హేతువిదియే. మూత తీయగానే ఒత్తిడి పోవును. ఇమిడిన గాలి బుడగలై పైకి పరుగెత్తును. అదియే నురుగు.

ఇంతవరకు రసాయనశాస్త్రము. ఇక చిక్కు మూత దగ్గఱ వచ్చినది. ఆ కాలమున సీసాలకు బెండుబిరడాలు వేసి తీగతో బిగించువారు. బెండు ఎండినచో కృశించును; సందు కలుగును; గాలి పోవును; కొన్నవానికి చప్పనినీరు మిగులును. బిరడా ఎల్లప్పుడు తడిసియుండుటకై అడుగు గుండ్రముగా, గ్రుడ్డు వలె నుండు సీసాలు చేసిరి. అవి నిలువవు గనుక పండుకొనబెట్టియే ఉంచవలెను. ఉపాయము మంచిదే గాని బెండు ఖర్చు తప్పలేదు.

అప్పుడు హైరమ్ కాడ్ అను ఇంజనీరు ఈ పనికి పూనుకొనెను. ఈయన 1838లో ఇంగ్లండునందలి బరీ సెయింట్ ఎడ్మండ్స్ అను ఊర జన్మించెను. బెండుబిరడాల వ్యాపారము చేయు కంపెనీలో పనిచేసినవాడు గనుక బిరడా దోషములు ఆయనకు బాగుగ తెలియును. 1870లో ఒక పేటెంటు పొంది, దానిని మెఱుగుపఱచి 1872లో మనము నేడు చూచు రూపమునకు తెచ్చెను.

ఆయన ఆలోచన యందలి సొగసును గమనింపుడు. లోపలి గాలి బయటికి పోజూచుట కదా మన శత్రువు! ఆ శత్రువునే కావలి పెట్టెను. సీసా మూతిలోపల ఒక గాడి. గాడిలో రబ్బరు వలయము. లోపల ఒక గాజు గోలీ. సీసాను తలక్రిందులు చేసి నీరును వాయువును ఎక్కించినప్పుడు గోలీ తన బరువుచేతనే మూతివైపు జాఱి రబ్బరుపై కూర్చుండును. లోపలి ఒత్తిడి దానిని బిగియబట్టును. గాలి ఎంత బలముగా బయటికి త్రోయునో, మూత అంత బలముగా బిగియును. తీగ లేదు, బెండు లేదు, మైనము లేదు. మెడ దగ్గఱ గాజును రెండు ప్రక్కల నొక్కి సొట్టలు చేసిరి. నొక్కిన గోలీ ఆ సొట్టల వెనుక చిక్కుకొని, పోయునప్పుడు మరల మూతికి అడ్డుపడకుండును. అందుచేతనే అలవాటు గలవాడు సీసాను ఒక ప్రక్కకు త్రిప్పి పోయును. అలవాటు లేనివాడు గోలీ అడ్డుపడి నవ్వులపాలగును.

ఇతర గాజు కార్ఖానాలవారు కాడ్ గారికి రుసుము చెల్లించి, అనుమతి పొంది, ఆ సీసాలను చేసిరి. అవి సముద్రములు దాటి మన దేశమునకును, జపానునకును వచ్చినవి. జపానులో నేటికిని రామునె అను పేర ఇట్టి సీసాలో పానీయము అమ్ముచున్నారు. కాడ్ 1887లో మరణించెను. అమెరికాలోని బాల్టిమోరు వాసి విలియమ్ పెయింటర్ 1892లో అంచులు ముడుతలు పడిన రేకుమూతకు పేటెంటు పొందెను. యంత్రములపై వేగముగా బిగించుటకు వీలైన ఆ రేకుమూత వచ్చిన పిమ్మట ఇంగ్లండులో గోలీసీసా క్రమముగా అంతరించెను. పుట్టినింట పోయినను మెట్టినింట నిలిచినది. మన సోడాబండివానికి పెద్ద యంత్రము అక్కఱలేదు. చేతితో త్రిప్పు పెట్టె చాలును. రేకుమూత ఒకసారి తీసినచో పాఱవేయవలసినదే. గోలీ ఎన్నిసారులైనను పనికివచ్చును. బీదదేశమునకు ఈ గుణము గొప్పది.

ఇప్పుడు రెండవ సంగతి. పేటెంటు అనగా నేమి? కొందఱు దానిని రహస్యమును దాచు పెట్టె యని తలంతురు. సత్యము దానికి సరిగా విరుద్ధము. ఆ మాటకు మూలమున "తెఱచియున్న" అని అర్థము. రాజు ముద్ర వేసి, మడిచి మూయక, అందఱు చదువుటకు తెఱచి ఇచ్చు లేఖ యది. అది ఒక ఒడంబడిక. ఒకడు క్రొత్త ఉపాయమును కనిపెట్టి, తెలిసినవారు చదివి చేయగలుగునట్లు పూర్తిగా వివరించి వ్రాసి ఇయ్యవలెను. అందులకు బదులుగా ప్రభుత్వము కొన్ని యేండ్లపాటు వాని అనుమతి లేనిదే ఇతరులు దానిని వ్యాపారముగా చేయరాదని శాసించును. గడువు తీరగానే అది అందఱి సొత్తగును.

వెనీసు నగరమువారు 1474లోనే ఇట్టి చట్టము చేసిరి. ఇంగ్లండులో 1624 నాటి చట్టము 14 సంవత్సరముల గడువు పెట్టెను. మన దేశమున మొదటి చట్టము 1856లో వచ్చినది. ఆ యేడే కలకత్తాలో డిపెన్నింగ్ అను ఇంజనీరు పంకా లాగు యంత్రమునకు హక్కు కోరెను. నౌకరు చేతితో లాగు పంకాకు యంత్రమన్నమాట! ఇప్పుడు మనకున్నది 1970 నాటి పేటెంట్ల చట్టము, పలుమాఱు సవరింపబడినది. నేటి గడువు దరఖాస్తు తేదీనుండి 20 సంవత్సరములు.

ఒడంబడిక లేనిచోట ఏమగునో చెప్పుటకు దూరము పోనక్కఱలేదు. నిజామాబాదు ప్రాంతమున కోనసముద్రమను గ్రామమున్నది. అచ్చటి కమ్మరులు ఇనుమును మూసలలో నుంచి, కొలిమిలో కాచి, లోకప్రసిద్ధమైన ఉక్కును తీయుచుండిరి. పారశీక వర్తకులు వచ్చి కొనిపోవుచుండిరి. డమాస్కసు కత్తులని పేరుపొందినవి మన దక్షిణదేశపు ఉక్కుతోనే చేయబడెడివి. ఆ విద్య తండ్రి నోటినుండి కొడుకు చెవికి ప్రాకినది. కాగితముమీద పెట్టినవారు లేరు. 19వ శతాబ్దములో గిరాకి తగ్గెను; కొలుములు చల్లారెను; విద్యయు చల్లారెను. సర్వే పనికై వచ్చిన వాయిసీ అను వైద్యుడు ఆ గ్రామమును చూచి వ్రాసిన వర్ణనము 1832లో అచ్చుపడినది. మన కమ్మరుల విద్యను గూర్చి మనము పరదేశీయుని వ్రాతను వెదకి చదువుకొనవలసి వచ్చెను. ఆ కత్తులమీది నీటిగీతల రహస్యమును తెలిసికొనుటకు 20వ శతాబ్దపు లోహశాస్త్రజ్ఞులు ఏండ్లతరబడి ప్రయోగములు చేసిరి.

నా యింటి సంగతియు ఒకటి చెప్పుకొనవలెను. మా పెదతండ్రిగారు పశువులకు పసరు వైద్యము చేయువారు. ఎద్దు మెడపై కాడి రాచి పుండుపడినచో చుట్టుప్రక్కల గ్రామములవారు వారి యరుగుమీదికి వచ్చెడివారు. ఏ యాకు, ఏ పాలు, ఎంత కాపు అని అడిగినచో "చెప్పిన మందు పారదురా" అని నవ్వి ఊరకుండెడివారు. ఆయన మాట నమ్మి మేమును పట్టుపట్టి అడుగలేదు. ఒక రాత్రి హఠాత్తుగా కాలము చేసిరి. మఱునాడు వచ్చిన రైతు ఎద్దును తోలుకొని వట్టిచేతులతో మరలిపోయెను. ఆ మందు గొప్పదో కాదో పరీక్షించుటకైనను నేడు మిగులలేదు. చెప్పిన మందు పారదో ఏమో గాని, చెప్పని మందు పోయినది.

ఇంతటితో ఆగినచో నష్టము ఒక యింటిదే అనుకొనవచ్చును. మన తెలివిని మఱియొకరు తమ క్రొత్త కల్పనగా వ్రాయించుకొనుటయు జరిగినది. 1995లో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయపు వైద్యకేంద్రమునకు, పుండ్లు మానుటకు పసుపును వాడు విధముపై పేటెంటు లభించెను. మన యిండ్లలో తెగినవ్రేలికి పసుపు అద్దని తల్లి కలదా? అయినను అధికారులు ఇచ్చిరి. అప్పటి అమెరికా చట్టములో ఒక మెలిక యుండెను. విదేశములో ప్రజలు ఎంతకాలము వాడినను, ఆ వాడుక మాత్రము చాలదు. అది అచ్చులో కనబడవలెను. మన దేశపు శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలివారు 1996లో ఆక్షేపణ తెచ్చిరి. సంస్కృత గ్రంథములును, 1953లో భారతీయ వైద్యసంఘపు పత్రికలో అచ్చుపడిన వ్యాసమును మొదలుగా 32 ఆధారములు చూపిరి. 1997లో ఆ హక్కు రద్దయ్యెను.

తీర్పు పసుపు మంచి మందా కాదా అని కాదు. క్రొత్తదా కాదా అనునదియే ప్రశ్న. క్రొత్తది కాదని నిరూపించినది కోట్లకొలది తల్లుల వాడుక కాదు, అచ్చుపడిన కాగితము. ఎవడో ఒకడు వ్రాసియుంచెను గనుక గెలిచితిమి.

వేప కథయు ఇట్టిదే. వేపనూనెతో పైరుల బూజుతెగులు నడచు విధముపై ఐరోపా పేటెంటు కార్యాలయము 1994లో అమెరికా వ్యవసాయశాఖకును ఒక కంపెనీకిని కలిపి హక్కు ఇచ్చెను. ఆక్షేపణ జరుగగా, భారతదేశమున అది ముందే బహిరంగముగా వాడుకలో నుండెనని సాక్ష్యము చెప్పబడెను. 2000లో రద్దయ్యెను, 2005లో అప్పీలును కొట్టివేయబడెను. ఐరోపా చట్టము నోటిసాక్ష్యమునుగూడ వినును గనుక అది సాధ్యమాయెను. అమెరికావారును తమ చట్టమును మార్చి, 2013 నుండి ఇతరదేశముల బహిరంగపు వాడుకను లెక్కకు తీసికొనుచున్నారు. అయినను సాక్షి చెప్పవలెను గదా! సాక్షి గతించినచో కాగితమే సాక్షి.

ఈ అనుభవముచేత 2001లో మన ప్రభుత్వము సంప్రదాయ విజ్ఞానపు అంకాత్మక గ్రంథాలయమును ఆరంభించెను. ఆయుర్వేదము, యునానీ, సిద్ధము మొదలగువాని గ్రంథములలోని యోగములను ఇంగ్లీషు, జర్మను, ఫ్రెంచి, స్పానిషు, జపాను భాషలలోనికి మార్చి, పరదేశపు పరీక్షాధికారులు చూచునట్లు ఏర్పాటు చేసిరి. 2002లో సవరించిన మన చట్టము సంప్రదాయ విజ్ఞానమునకు పేటెంటు ఈయరాదని స్పష్టముగా చెప్పుచున్నది. ఇదంతయు మేలే. కాని ఆ గ్రంథాలయమునకు ఆధారము గ్రంథములు. మీ ఊరి కుమ్మరికి తెలిసిన మట్టిపాలు, మీ చాకలికి తెలిసిన చౌడు గుణము, మీ అద్దకమువానికి తెలిసిన చెక్కకషాయము, కాపుకు తెలిసిన విత్తనపు పూత, ఇవి ఏ గ్రంథమునను లేవు.

కావున పెద్దలకు నా విన్నపమిది. మీరు చదువనేర్చినవారు, వ్రాయనేర్చినవారు. ఊరిలో వృద్ధులైన పనివారి దగ్గఱ కూర్చుండి వారి విద్యను వ్రాయింపుడు. ఆకు పేరు, దొరకు చోటు, కొలత, కాచు కాలము, ఎవరు చెప్పిరి, ఏ తేదీన చెప్పిరి అనునవి తప్పక యుండవలెను. చెప్పినవారి పేరు మొదట వేయుడు, విద్య వారిది. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి పంచాయతీలోను ఒక కమిటీ యుండి, ఊరి మొక్కలను, వాని గూర్చిన తెలివిని ఒక పుస్తకమున నమోదు చేయవలెను. మీ పంచాయతీలో ఆ పుస్తకము ఉన్నదా, అందు ఏమి వ్రాసిరి అని అడుగుడు. ఖాళీగా నున్నచో నింపుడు. వ్రాసినంతమాత్రమున మందు సిద్ధమైనదని తలపవలదు. అది పరీక్షింపవలసిన వైద్యుల పని. పరీక్షకైనను ముందు వ్రాత ఉండవలెను.

ఒక్క హెచ్చరిక. ప్రాతదియు క్రొత్తదియు ఒకే త్రోవన పోవు. తాతల నాటి విద్యయైనచో ఆలస్యము లేక గ్రంథస్థము చేయుడు. అది ఎవరును దొంగిలింపకుండ కాచును. కాని మీ ఊరి కుఱ్ఱవాడెవడైనను నిజముగా క్రొత్త పిచికారినో, నీటిని లెక్కగా వదలు కవాటమునో, రంగు నిలుపు ద్రావకమునో కనిపెట్టినచో, ముందు దానిని సంతలో చూపవలదు, పత్రికకు చెప్పవలదు. తానే బయటపెట్టినచో క్రొత్తదనము పోయి హక్కు చేజాఱవచ్చును. ముందు దరఖాస్తు, పిమ్మట ప్రకటన. మన తెలుగు రాష్ట్రములవారు చెన్నపట్టణములోని పేటెంటు కార్యాలయమున దాఖలు చేయవలెను. మొదట తాత్కాలిక వివరణ పెట్టి, 12 నెలలలోపల పూర్తి వివరణ ఈయవచ్చును. చదువురాని పనివారి కల్పనలకు సాయపడుటకై 2000లో ఏర్పడిన జాతీయ ఇన్నోవేషన్ ఫౌండేషను అను సంస్థయు గుజరాతులో కలదు.

ప్రీస్ట్‌లీ తన విద్యను ఉచితముగా వ్రాసి ఇచ్చెను, నేటికిని నిలిచియున్నది. కాడ్ గడువు పెట్టి వ్రాసి ఇచ్చెను, అదియు నిలిచియున్నది. కోనసముద్రపు కమ్మరి వ్రాయలేదు. మా పెదతండ్రిగారును వ్రాయలేదు.

ఈసారి తిరునాళ్లలో గోలీ సోడా త్రాగునప్పుడు, ఆ గోలీని ఒకసారి చూడుడు. ఇంటికి పోయి ఒక కాగితము, ఒక కలము తీసికొనుడు.

సెలవు.